పస్తు మడి

తాడేపల్లిగూడెం,
3 డిసెంబరు 1934

పూజ్యులైన వదినగారికి,

హనుమంతరావు నమస్కరించి రాసే ఉత్తరం. నేను కులాసా. మీరూ కులాసాగానే ఉన్నారని నమ్ముతున్నాను. నమ్మడం తప్ప వేరే దారి లేదు, మనం ఒకరికొకరు ఉత్తరం రాసుకుని మూడు నెలలు దాటింది. తప్పు మీదే కాదు, నాదీను.

ఒక పని పడి రాస్తున్నాను. మీరు కాదనరన్న ధైర్యం ఉంది.

నా ఉద్యోగం సంగతి మీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. వ్యవసాయ డిమాన్‌స్ట్రేటర్ అనగానే మనూళ్ళో అందరూ అదేదో పెద్ద కొలువు అనుకుంటారు. నిజానికి నాది రెండేళ్ళ తాత్కాలికం. వచ్చే జూన్ నెలాఖరుకి గడువు తీరిపోతుంది. జిల్లాలో మా బోటివాళ్ళం నలుగురం ఉన్నాం, ఇద్దర్నే ఉంచుతారట. మొన్న ఏలూరులో మా పై అధికారి గంగాధరరావుగారు పిలిచి, "ఏవండీ, మీరు చేసిందేవిటో కాయితం మీద చూపించండి. చూపించకపోతే నేను మాత్రం ఏం చెయ్యనండీ?" అన్నారు. ఆయన మంచివారే. అందుకే ఇంకా భయమేసింది.

కొల్లేటి అంచు భూముల్లో చలికాలంలో ఊడ్చే దాళ్వా వరికి ఏ ఎరువు ఎంత పనిచేస్తుందో ఇంతవరకూ ఎవరూ కొలిచి చూడలేదు. మన చేలో అయిదేసి సెంట్ల మళ్ళు మూడు నాకివ్వండి. మొదటి మడిలో జీలుగ రొట్ట, పశువుల పెంట వేసి తొక్కించాలి. రెండోదానికి అమోనియం సల్ఫేట్ అని సీమ నుంచి వచ్చే ఉప్పులాంటి ఎరువు నేను పంపిస్తాను. మూడో మడికి ఏమీ వెయ్యకూడదు. గుప్పెడు పెంట కూడా వద్దు. అది ఎంత పండిందో తెలిస్తేనే మిగతా రెండింటికీ ఎరువు ఎంత కలిసివచ్చిందో తెలుస్తుంది. ఒకదాని నీళ్ళు ఒకదానిలోకి పోకుండా గట్లు ఎత్తుగా వేయించండి.

పక్షానికో గురువారం పడవకి వచ్చి నేనే పైరు కొలుచుకుంటాను. ఆ కొలతలన్నీ రిజిస్టరులో ఎక్కాలి.

ఇట్లు,
హనుమంతరావు


జమ్ములంక,
16 డిసెంబరు 1934

చిరంజీవి హనుమంతరావుకి వదిన దీవెనలు.

మూడు మళ్ళు ఇవ్వండి అని అర్జీ పెట్టుకున్నావేమిటి? రెండెకరాలూ మీ అన్నయ్యవి. ఆయన పోయి ఆరేళ్ళయింది. చేను నా పేరున ఉందన్న మాటే గాని, గట్టు మీద నడుస్తుంటే ఇప్పటికీ పరాయి చేలో నడిచినట్టే ఉంటుంది. నువ్వు వచ్చి ఏదో ఒకటి చేస్తానంటే నాకు అంతకంటే ఏం కావాలి?

మన చేను కౌలుకి చేసే తాతారావుకి నీ ఉత్తరం చదివి వినిపించాను. మొదటి రెండు మళ్ళ వరకూ బుద్ధిగా తల ఊపాడు. మూడోదాని దగ్గరకి వచ్చేసరికి, "అదేం పాపం చేసిందండీ అమ్మగారూ?" అన్నాడు. నిజం చెప్పనా, నాకూ అలాగే అనిపించింది. పంక్తిలో ఇద్దరికి వడ్డించి, మూడోవాడి విస్తరి ముందు చేతులు కట్టుకుని నిలబడినట్టుంది నీ శాస్త్రం. తాతారావు అప్పుడే దానికి పస్తు మడి అని పేరు పెట్టేశాడు. ఊరంతా అదే అంటున్నారు.

నువ్వు చెప్పినట్టే చేయిస్తానులే. ఉద్యోగం పోతే ఎలా? ఉద్యోగం ఉండగానే నీకు పిల్లనిచ్చేవాళ్ళు కరువయ్యారు. పెంటపాడులో ఒక సంబంధం ఉంది. అమ్మాయి హార్మోనియం వాయిస్తుందట. నీ గదిలో నువ్వూ, నీ మట్టి సీసాలూ, మధ్యలో హార్మోనియం. బాగుంటుంది.

గురువారం గురువారం నీకూ కలిపి వండుతాను. ఒక్కదానికి వండుకుని వండుకుని, చారులో ఉప్పు ఎంత వెయ్యాలో కూడా మర్చిపోయాను.

మీ వదిన,
కనకరత్నం


తాడేపల్లిగూడెం,
22 జనవరి 1935

పూజ్యులైన వదినగారికి నమస్కారాలు.

ఊడ్పులనాడు భోంచెయ్యకుండా సాయంత్రం పడవకి వచ్చేసినందుకు కోపం వచ్చిందని తెలుసు. ఇక్కడ పని అలా ఉంది. ఎల్లుండి గురువారం కూడా రాలేను. నల్లజర్ల వైపు మెట్ట చేలు చూడాలి.

మీరొక సాయం చెయ్యాలి. ఈ ఉత్తరంతో పాటు పంపిన కర్ర మీద అంగుళాల గీతలు ఉన్నాయి. ఒక్కో మడిలో పదేసి దుబ్బులు గుర్తుపెట్టుకుని, ఎత్తు కొలిచి, పిలకలు లెక్కపెట్టి రాసి పంపండి. మీరు కొలిచినా నేను వచ్చి కొలిచినట్టే లెక్క. వచ్చే పక్షం తప్పకుండా వస్తాను.

సైకిళ్ళు బాగుచేసే సిరాజుద్దీన్‌గారి మేడ మీద గదిలోకి మారాను. కింద రోజంతా చక్రాలకి గాలి కొడుతూ ఉంటారు. పొద్దుపోయి ఆ చప్పుడు ఆగిపోతే గదిలో ఏమీ తోచదు.

హనుమంతరావు


జమ్ములంక,
15 ఫిబ్రవరి 1935

చిరంజీవి హనుమంతరావుకి,

కొలతలు వేరే కాయితం మీద రాశాను. జీలుగ మడి ఏపుగా ఉంది. ఉప్పు మడి నల్లగా నిగనిగలాడుతోంది, దానికి దిష్టి తగలకుండా చూసుకోవాలి. పస్తు మడి పసుపు తేలింది. దుబ్బుకి నాలుగు పిలకలు మించి లేవు.

నిన్న గురువారం. పడవ వచ్చింది. అందులోంచి ఏలూరు వకీలుగారి గుమాస్తా దిగాడు, రెండు మేకలు దిగాయి, కిరసనాయిలు డబ్బాలు దిగాయి. నువ్వు దిగలేదు. ముందు గురువారం కూడా ఇంతే. రావడం పడకపోతే ఒక్క ముక్క రాయి నాయనా. వంకాయ కూర ఎవరి కోసం చేశానో చెప్పుకోలేక, పొరుగింటివాళ్ళకి పంచిపెట్టాను.

నేను రోజూ చేనికి వెళ్ళి వస్తున్నాను. మిగతా రెండు మళ్ళూ వాటి పాటికి అవి పెరుగుతున్నాయి. మూడోది మాత్రం నేను వెళ్ళగానే నా మొహం వంక చూస్తున్నట్టుంటుంది. నవ్వకు. అడగందే అమ్మయినా పెట్టదంటారు గాని, అడగడానికి దానికి నోరేదీ? నువ్వన్న లెక్క ఈపాటికి తేలిపోయే ఉంటుంది. ఇక కొంచెం పెంటయినా వెయ్యనిస్తావా?

కనకరత్నం


తాడేపల్లిగూడెం,
20 ఫిబ్రవరి 1935

వదినగారికి నమస్కారాలు.

వద్దు. దయచేసి వద్దు. ఆ మడి ఎంత ఎండితే నాకు అంత మేలు. జాలిపడి గుప్పెడు వేశారంటే నా రెండేళ్ళ కష్టం గంగలో కలిసినట్టే. గింజ చేతికి వచ్చేదాకా దాన్ని దాని ఖర్మానికి వదిలెయ్యండి.

కొలతలు బాగా పంపారు. అలాగే పంపుతూ ఉండండి. ఈ నెలలో నాకు కుదరదు.

హనుమంతరావు


జమ్ములంక,
22 మార్చి 1935

చిరంజీవి హనుమంతరావుకి,

కొలతలు పంపుతున్నాను. పస్తు మడి పుంజుకుంది. పసుపు పోయింది, పిలకలు పన్నెండు దాకా ఉన్నాయి. ఎందుకో ఆ మడిలోనే కొంగలు వాలుతున్నాయి.

చేపలు పట్టే అంకయ్య భార్య నాగమణి రోజూ ఇటు వచ్చి కూర్చుంటోంది. దాని నోట్లో నువ్వుగింజ నానదు గాని, మంచి మనిషి. నాకు కాస్త కాలక్షేపం.

ఇంకేమీ విశేషాలు లేవు.

కనకరత్నం


ఏలూరు,
29 ఏప్రిల్ 1935

పూజ్యులైన వదినగారికి,

ఈ ఉత్తరం ఆఫీసు వరండాలో నిలబడి రాస్తున్నాను. ఇప్పుడే గంగాధరరావుగారు నా చెయ్యి పట్టుకుని ఊపేశారు.

మళ్ళీ ఒకసారి రాయనివ్వండి, నాకు రాయడమే పండగలా ఉంది. జీలుగ మడి పంతొమ్మిది కుంచాలు. ఉప్పు మడి ఇరవై ఒకటి. ఏమీ వెయ్యని మడి ఇరవై కుంచాల రెండు మానికలు! కళ్ళంలో నేను మూడుసార్లు కొలిపించింది నమ్మకం లేక. నేను ఎరువు గొప్ప చూపిద్దామని పరీక్ష పెడితే, నేల గొప్ప బయటపడింది. ఏటేటా కొల్లేరు పొంగి తెచ్చే ఒండ్రులోనే పైరుకి కావలసినదంతా ఉందన్నమాట. మొదట్లో పసుపు తేలి, వేరు కిందికి దిగగానే పుంజుకుంది. కొంగలు వాలాయని మీరు రాశారు చూడండి, పురుగూ పుట్రా ఉన్న జీవం గల నేల అనడానికి అదే గుర్తు. రిపోర్టులో ఆ మాట కూడా రాశాను.

ఈ అంచు ఊళ్ళ రైతులు పాటిదిబ్బలు తవ్వి ఎరువుకని ఆ మన్ను తోలుకోవడం, గొర్రెల మందలు కట్టించుకోవడం, ఇదంతా వృథా ప్రయాస. ఈ మాట మొదట చెప్పినవాణ్ణి నేనే అవుతాను. నేనింత సంతోషంగా ఉండి ఎన్నేళ్ళయిందో మీకు తెలుసు.

నేను వడ్లు కొలుస్తుంటే మీరు మొహం అటు తిప్పుకున్నారు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నారేమో అనుకున్నాను. పిచ్చి వదిన!

హనుమంతరావు


జమ్ములంక,
2 సెప్టెంబరు 1935

చిరంజీవి హనుమంతరావుకి,

నీ ఉద్యోగం ఖాయమైనందుకు సంతోషం. దేవుడికి కొబ్బరికాయ కొట్టాను.

నువ్వు అచ్చు వేయించిన కరపత్రం మునసబుగారికి వచ్చింది. చదివి పెట్టమ్మా అని అందరూ నా అరుగు మీదే చేరారు. "కొల్లేటి అంచు భూములకు ఎరువు అవసరము లేదు" అని పైన పెద్ద అక్షరాలు. నేనే చదివాను. పన్నెండెకరాల భీమరాజుగారు మళ్ళీ చదవమన్నారు. మళ్ళీ చదివాను. "ఇన్నాళ్ళూ మన నడుములు విరిగింది ఎందుకండీ మరి?" అని ఆయన నవ్వేశారు. తాతారావయితే, "మన పస్తు మడేనండీ ఇది! మన పస్తు మడి అచ్చులో ఎక్కిందండీ!" అని గంతులేశాడు. వాడికి మన చేను కాక, పక్కన ఎకరన్నర సొంతం ఉంది కదా, ఈసారి దానికేమీ తోలనని అక్కడే చెప్పేశాడు. భీమరాజుగారి పాటిమన్ను గుట్ట ముదినేపల్లి బళ్ళవాళ్ళు తోలుకుపోతున్నారు.

అందరూ వెళ్ళిపోయాక కూడా నేను ఆ కాయితం పట్టుకుని అరుగు మీదే కూర్చున్నాను.

ఒక్క ఏడు చూసి చెప్పెయ్యడం తొందర కాదా? రెండో ఏడు కూడా చూసి అప్పుడు చెప్పండని ఇంకో కాయితం వెయ్యకూడదా? నాకు తెలియక అడుగుతున్నాను.

కనకరత్నం


తాడేపల్లిగూడెం,
11 సెప్టెంబరు 1935

వదినగారికి నమస్కారాలు.

మీరు అడిగింది సబబే. మూడేళ్ళు చూడాలని పుస్తకాలు చెబుతాయి. జూన్‌లో ఉద్యోగం పోయేవాడికి మూడేళ్ళు ఎక్కడివి? పైగా చెన్నపట్నంలో జనవరిలో జరిగే సభకి నన్ను మాట్లాడమని పిలిచారు. ఇప్పుడు వెనక్కి తగ్గితే నవ్వుతారు. పైరు మీ కళ్ళ ముందే పండింది కదా, మీకెందుకీ బెంగ?

ఉద్యోగం ఖాయమైందని సిరాజుద్దీన్‌గారు కింది నుంచి బిరియానీ పంపారు. గదిలో ఒక్కణ్ణే కూర్చుని తిన్నాను. మీరుంటే బాగుండును అనిపించింది.

హనుమంతరావు


జమ్ములంక,
9 మార్చి 1936

హనుమంతరావుకి,

ఈ ఉత్తరం నిరుడు రాయవలసింది. కళ్ళంలో నువ్వు మూడోసారి కొలుస్తున్నప్పుడు చెప్పవలసింది. అరుగు మీద చదువుతూ మధ్యలో ఆపి చెప్పవలసింది. ప్రతిసారీ దాటేశాను.

పస్తు మడికి నేను పెట్టాను.

నిరుడు ఫిబ్రవరిలో, నువ్వు వద్దు అని రాసిన ఉత్తరం వచ్చిన తరవాతి గురువారం. కుదరదని నువ్వు రాసినా, ఏమో వస్తావేమోనని వండాను. పడవ వచ్చి వెళ్ళిపోయింది. అన్నం చల్లారిపోయింది. ఇంట్లో కూర్చోలేక చేనికి వెళ్ళి గట్టు మీద కూర్చున్నాను. ఎదురుగా అది, పసుపుపచ్చగా, నా కడుపున పుట్టి తిండిలేక మాడుతున్నట్టు. నీకు పెట్టాలనుకున్నది ఎవరికైనా పెట్టాలి కదా. ఆ పూట నాలుగు తట్టల పాటిమన్ను మోసి వేశాను. మర్నాడు నాగమణి చేపలు చీల్చి పారేసే పేగులూ తలకాయలూ తెచ్చి, దుబ్బుల మధ్య పాతాను. చేపలు కడిగిన నీళ్ళు కడవలతో పోశాను. వారానికి రెండుసార్లు, వెన్ను తొంగిచూసేదాకా. కొంగలు అందుకే వాలాయి. నాగమణి చేత ఒట్టు వేయించుకున్నాను. నోట్లో నువ్వుగింజ నానని మనిషి ఏడాదిగా ఒట్టు నిలబెట్టుకుంది.

నీ లెక్క చెడుతుందని అప్పుడు అనుకోలేదు. కాస్త పచ్చబడితే చాలు, మిగతా రెండింటి కంటే తక్కువే పండుతుంది, నీకేం నష్టం లేదు అనుకున్నాను. పైగా, పైరు బాగుందని రాస్తే చూడ్డానికయినా వస్తావని ఆశ. అంత పండుతుందని నాకేం తెలుసు? పెట్టడమే తెలుసు గాని ఎంత పెట్టానో తెలియదు.

ఈ ఏడు ఊళ్ళో ఎవరూ ఏమీ వెయ్యలేదు. ఊరి చేలన్నీ పస్తు మడే. భీమరాజుగారి పన్నెండెకరాలూ పసుపు తేలి ఉన్నాయి. తాతారావు ఎకరన్నరలో వెన్నులు జానెడు కూడా లేవు, అందులోనూ సగం తాలు. ఇప్పుడేం వేసినా లాభం లేదట. ఒక మడి ఆకలి తీర్చబోయి ఊరందరి నోట్లో మన్ను కొట్టాను.

నీ పైవాళ్ళకి రాసెయ్యి. నా పేరు పెట్టే రాయి. దాచకు.

కనకరత్నం


తాడేపల్లిగూడెం,
14 మార్చి 1936

వదినగారికి,

ఉత్తరం అందింది.

హనుమంతరావు


జమ్ములంక,
24 ఏప్రిల్ 1936

హనుమంతరావుకి,

ఈ నెల రెండో తారీకు గురువారం నువ్వు ఊళ్ళోకి వచ్చావు. పడవ రేవులో దిగలేదు. అంకయ్య దోనెలో జమ్ము పక్కనుంచి వచ్చి భీమరాజుగారి కళ్ళం దగ్గర దిగావు. నేను మన చేలోనే ఉన్నాను. నిన్ను నడక చూసి పోల్చుకున్నాను, మీ అన్నయ్య నడకే. అక్కడ పదిమంది పోగయ్యారు. నువ్వు నిలబడి ఏదో చెప్పావు. చేతులు జోడించావు. తరవాత దోనె ఎక్కి వెళ్ళిపోయావు. నేనున్న వైపు ఒక్కసారి చూశావు. చూశావనే అనుకుంటున్నాను, ఎండ కళ్ళల్లో పడుతోంది.

ఏం చెప్పావో తాతారావు చెప్పాడు. తప్పంతా నాదేనండీ, నేను సరిగా చూసుకోలేదు అన్నావట. నా ఊసే ఎత్తలేదట. అందుకని ఆ సాయంత్రం నేనే భీమరాజుగారి ఇంటికి వెళ్ళి, అందరి ముందూ జరిగింది చెప్పాను. ఎవరూ కేకలెయ్యలేదు. అదే కష్టమైంది. భీమరాజుగారు మాత్రం, "మీరు చదువుతున్నప్పుడు ఆ ఒక్క ముక్కా చెప్పి ఉంటే పోయేది కదండీ" అన్నారు. అంతే. ఈ ఏడు పంటలో నా వాటా నాకు వద్దని తాతారావుకి చెప్పాను. వాడు బండి కట్టి తోలుకుపోయాడు. అమ్మగారూ అని కూడా అనలేదు.

నువ్వు తిడుతూ రాసినా బాగుండేది. ఆ రెండు మాటల కాయితం నలభై రోజులుగా చూస్తున్నాను.

కనకరత్నం


ఏలూరు,
10 మే 1936

పూజ్యులైన వదినగారికి,

మిమ్మల్ని తిట్టే మొహం నాకు లేదు. అందుకే రాయలేదు. ఈ ఉత్తరం చదివాక మీరే నన్ను తిట్టవచ్చు.

నిరుడు దాళ్వాలో నేను మీ చేనికి వచ్చింది రెండే రెండుసార్లు. ఊడ్పులనాడు, కోతలనాడు. రిజిస్టరులో తొమ్మిది సంతకాలు ఉన్నాయి. "స్వయముగా చూచి కొలచితిని" అని తొమ్మిదిసార్లు నా చేత్తో రాసి ఉంది. మీరు పంపిన అంకెలు దింపుకుని, గదిలో కూర్చుని సంతకం పెట్టాను. నడుమ ఒక్క గురువారం వచ్చి గట్టు మీద నిలబడినా, పసిపిల్లవాడయినా ఆ చేపల కంపు పోల్చుకునేవాడు. పసుపు తేలిన మడి నెలలో నల్లబడితే, వచ్చి చూడాలనిపించని నాకు శాస్త్రం ఏమిటి? మీరు జాలిపడ్డారు, నేను అబద్ధం రాశాను. తిలా పాపం తలా పిడికెడు అంటారు గాని, ఇందులో నా పిడికిలే పెద్దది.

ఎందుకు రాలేదో కూడా చెప్పేస్తాను. పని ఒత్తిడి కాదు. ఊడ్పులనాడు సాయంత్రం పడవలో ఒకాయన, నన్ను ఎరగనట్టే పక్కవాడితో, "పెళ్ళి కాని మరిది, ఒంటరి వదిన. ఎరువు పరీక్షలండీ ఇవి, పక్షానికోసారి!" అన్నాడు. పడవలో నవ్వారు. నేను నీళ్ళ వంక చూస్తూ కూర్చున్నాను. మళ్ళీ రావడానికి సిగ్గుపడ్డాను. ఎందుకు రావడం లేదో మీకు రాయనూ లేదు. మీ పేరు కాపాడుతున్నాననుకుని మిమ్మల్ని ఒంటరిని చేశాను. అన్నయ్య పోయినప్పుడు పదోరోజున మీరు నా కంచంలో అన్నం పెడుతూ, నువ్వున్నావు కదా అన్నారు. ఆ మాట నేను నిలబెట్టలేదు.

గంగాధరరావుగారికి అంతా చెప్పాను. ఆయన తలుపు వేసి వచ్చి, "తెగులు తగిలిందని రాసి పారెయ్యండి. ఎవరూ అడగరండీ" అన్నారు. నాకు ఇంకో అబద్ధం రాయడం చేతకాలేదు. మడిలో ఎరువు పడింది, చూడవలసిన వాణ్ణి నేను చూడలేదు, చూసినట్టు రాశాను అని రాసిచ్చాను. మీ పేరు రాయలేదు, క్షమించండి. ఉద్యోగం తీసెయ్యలేదు గాని, ఖాయం చేసింది రద్దు చేసి అనంతపురం జిల్లాకి వేశారు. జొన్నలూ వేరుశనగా తప్ప నీళ్ళ ఊసే లేని చోటట. రేపే బండి.

కొల్లేటి పరీక్ష ఎత్తేశారు. నా బాధ ఉద్యోగం కాదు వదినా. ఆ కరపత్రం ఇంకా ఊరూరా గోడల మీద ఉంది. సవరణ వెయ్యండని అడిగితే, "దేని ఆధారంతో వెయ్యమంటారండీ? ఇది తప్పు అంటున్నారు సరే, నిజం ఎంతో కొలిచినవాళ్ళెవరు?" అన్నారు. ఎవరూ కొలవలేదు. ఇక కొలవరు. నా పేరుతో అచ్చయిన అబద్ధం అలాగే ఉండిపోతుంది, ఏదో ఒక ఊళ్ళో ఎవరో ఒక తాతారావు దాన్ని నమ్ముతాడు.

వెళ్ళేముందు ఒకసారి వద్దామనుకున్నాను. ఏలూరు రేవుదాకా వచ్చి పడవ కట్టు విప్పేదాకా నిలబడి వెనక్కి వచ్చేశాను.

హనుమంతరావు


జమ్ములంక,
25 ఏప్రిల్ 1937

చిరంజీవి హనుమంతరావుకి వదిన ఆశీస్సులు.

ఏడాదిగా నీకు రాయలేదు. రాయడానికి ఏదయినా చేతిలో ఉన్నాక రాద్దామని ఆగాను.

పడవలో ఎవరో నవ్వారని రాశావు. ఆ మాట నా చెవిన నీకంటే ముందే పడింది. నాగమణే చెప్పింది. విని, ఆ గురువారం కూడా వండాను. నీకు ఈ సంగతి తెలియాలని రాస్తున్నాను, నొప్పించాలని కాదు.

ఈ దాళ్వాకి మళ్ళీ మూడు మళ్ళు వేశాను. ఎవరూ వెయ్యమనలేదు. నీ పాత ఉత్తరం ముందు పెట్టుకుని, అందులో రాసినట్టే. ఉప్పు ఎరువు అంకయ్య చేత ఏలూరు నుంచి తెప్పించాను. తాతారావు మొదట రానన్నాడు. ఊడ్పులనాడు మాత్రం తనే వచ్చి గట్లు వేశాడు, ముందుసారి కంటే జానెడు ఎత్తుగా. నీ కర్రతో పక్షానికోసారి కొలిచాను. కొలిచిన ప్రతిసారీ భీమరాజుగారినో మునసబుగారినో తీసుకెళ్ళి చూపించి, వాళ్ళ చేతే రాయించాను. నేను ఒంటరిగా ఆ గట్టు మీదికి వెళ్ళలేదు. నా మీద నాకు నమ్మకం లేక.

ఫిబ్రవరిలో పస్తు మడి పసుపు తేలింది. నాగమణి చేపల తట్ట పట్టుకుని మా గుమ్మంలో నిలబడి, "ఈసారి వద్దాండీ?" అంది. వద్దన్నాను. అది వెళ్ళిపోయాక తలుపు వేసుకుని ఏడ్చాను. ఒక మడి కోసం అంత ఏడవడమేమిటని నువ్వనవచ్చు. మడి కోసమే ఏడ్చానో, నీ కోసమో, నా కోసమో నాకు తేలలేదు. మార్చిలో ఇంకా పాడైంది. ఆకులు కొసల నుంచి ఎండుకుపోయాయి. నేను చూశాను, చూసి ఇంటికి వచ్చేశాను.

మొన్న కోశారు. మూడు కుప్పలూ వేరువేరుగా నూర్చారు. కుంచం భీమరాజుగారు పట్టుకున్నారు, లెక్క మునసబుగారు రాశారు. కళ్ళం చుట్టూ ఊరు ఊరంతా ఉంది. నేను దూరంగా నిలబడ్డాను, ఈసారి మొహం తిప్పుకోలేదు. లెక్క అయ్యాక భీమరాజుగారు, "ఇది ఆ అబ్బాయికి పంపండమ్మా, ఇదుగో మా సంతకాలు" అన్నారు. తాతారావు వేలిముద్ర వేశాడు. కాయితం ఇందులో పెట్టాను. నీ పైవాళ్ళకి ఇస్తావో, పెట్టెలో దాచుకుంటావో నీ ఇష్టం. నిజం ఎంతో కొలిచినవాళ్ళెవరని అడిగారు కదా వాళ్ళు.

నువ్వు రావాలని అడగడానికి రాయడం లేదు. ఎండల్లో నీళ్ళు జాగ్రత్త.

జీలుగ మడి పద్దెనిమిది కుంచాలు. ఉప్పు మడి ఇరవై కుంచాల ఒక మానిక. పస్తు మడి తొమ్మిది కుంచాల మూడు మానికలు. దానికి నేను ఏమీ పెట్టలేదు.

కనకరత్నం